పాత మోటార్‌సైకిల్‌కు చక్రాలు, బ్రేకులు మార్చడం: కొలతల నుంచి తొలి సవారీ వరకు

పాత బండికి డిస్క్ బ్రేకు, వెడల్పాటి చక్రాలు ఎలా అమర్చుకోవాలని అడిగేవారిలో చాలామంది చక్రం కొనేసిన తర్వాతే ఆ ప్రశ్న వేస్తారు. అప్పటికి ఇరుసు దూరదు, డిస్క్ ఫోర్కుకు తగులుతుంది, చైను వంకరగా పరుగెడుతుంది. ఈ పనిలో పానా పట్టే సమయం కంటే కొలబద్ద పట్టే సమయమే ఎక్కువ కావాలి. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద భాగం బండిని విప్పకముందు చేయవలసిన పనులకే పోతుంది.

ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు, స్పోకుల రిమ్ములు, 31 నుంచి 35 మి.మీ. గొట్టాల ఫోర్కు ఉన్న సాధారణ పాత బండిని దృష్టిలో పెట్టుకొని ఈ క్రమాన్ని రాశాను. చక్రాల పరిమాణం, బ్రేకు రకం మార్చడానికి చాలా దేశాల్లో రవాణా శాఖ అనుమతి అవసరం. దాన్ని, బీమా షరతులను డబ్బు ఖర్చు పెట్టక ముందే తెలుసుకోండి.

## 1. ముందుగా ఉన్న బ్రేకును సరిచేసి చూడండి

సరిగా అమర్చిన డ్రమ్ము బ్రేకు చాలామంది అనుకునేదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. పాత బండ్లలో అది బలహీనపడడానికి కారణం సాధారణంగా అరిగిన షూలు, సాగిన కేబులు, తప్పు కోణంలో నిలిచిన బ్రేకు చేయి. షూ డ్రమ్మును పట్టే క్షణంలో కేబులుకూ బ్రేకు చేతికీ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. ఆ కోణం దాటిపోతే లివర్ ఎంత నొక్కినా బలం వృథా అవుతుంది. అరిగిన షూలను అలాగే ఉంచి, బ్రేకు చేతిని అది కూర్చునే కడ్డీ పళ్ల మీద ఒక పన్ను వెనక్కు జరిపి సర్దుకోవడం మాత్రం ప్రమాదకరం. ముందు కొత్త షూలు వేసి, ఆ తర్వాతే కోణం చూసుకోవాలి.

కొత్త షూ డ్రమ్ము వంపుకు అంతటా ఆనదు. షూ మీద సుద్దముక్క రుద్ది, చక్రం తిప్పుతూ తేలికగా బ్రేకు వేసి విప్పి చూస్తే ఎక్కడెక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఎత్తుగా ఉన్న చోట్లను గరుకు కాగితంతో తగ్గించాలి. పాత షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని నోటితోగానీ గాలి గొట్టంతోగానీ ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయండి.

ఇంత చేశాక కూడా పొడవైన దిగుళ్లలో వేడెక్కి పట్టు జారిపోతుంటేనో, బండి ఇంజను మునుపటికంటే బలంగా మారి ఉంటేనో డిస్క్ వైపు వెళ్లడం న్యాయం. కేవలం చూపు కోసమైతే నా సలహా వద్దనే.

## 2. బండి విప్పకముందు రాసుకోవలసిన కొలతలు

వెర్నియర్, స్టీలు స్కేలు, పొడవాటి దారం, నోటుపుస్తకం చాలు. బండిని మధ్య స్టాండు మీద నిటారుగా నిలిపి ఈ కొలతలను మిల్లీమీటర్లలో రాసుకోండి.

- ఫోర్కు కాళ్ల మధ్య ఇరుసు దగ్గర లోపలి దూరం. బిగింపు నట్లు వదులు చేసి, కాళ్లు సహజంగా నిలిచిన స్థితిలో కొలవాలి.
- ముందు, వెనుక ఇరుసుల వ్యాసం
- స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చట్రం) చేతుల మధ్య లోపలి దూరం
- ఇప్పుడున్న టైరు పక్కలకు ఫోర్కు, స్వింగార్మ్, చైను, మడ్‌గార్డుల నుంచి మిగిలిన ఖాళీ
- ఇంజను వైపు స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ల చక్రం) ముఖం నుంచి బండి మధ్యరేఖకు ఉన్న దూరం
- నేల నుంచి ఇంజను అడుగుకు ఎత్తు
- హ్యాండిల్‌ను పూర్తిగా ఇరువైపులా తిప్పినప్పుడు ఫోర్కు కాళ్లు ట్యాంకుకు ఎంత దగ్గరకు వస్తాయో ఆ దూరం

ప్రతి కొలతనూ రెండుసార్లు తీసుకోండి. రెండింటికీ మధ్య ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి.

## 3. చక్రం, టైరు ఎంపిక: వ్యాసం లెక్క వేయండి

టైరు మీది అంకెల నుంచి వ్యాసం తెలుసుకోవడం సులభం. రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, దానికి టైరు ఎత్తును రెండుసార్లు కలపాలి. మొదటి అంకె మి.మీ.లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు శాతం, చివరిది రిమ్ము అంగుళాలు. 90/90-19 టైరుకు 19 అంగుళాలంటే 482.6 మి.మీ., ఎత్తు 81 మి.మీ., మొత్తం వ్యాసం 644.6 మి.మీ. దాని స్థానంలో 110/70-17 వేస్తే వ్యాసం 585.8 మి.మీ. మాత్రమే. అంటే బండి ముందు భాగం సుమారు 29 మి.మీ. కిందికి దిగుతుంది.

వెనుక 100/90-18 నుంచి 130/70-17కు మారితే వ్యాసం 637.2 నుంచి 613.8 మి.మీ.కు వస్తుంది, వెనుక భాగం దాదాపు 12 మి.మీ. దిగుతుంది. ముందు ఎక్కువ, వెనుక తక్కువ దిగడం వల్ల 1350 మి.మీ. ఇరుసుల దూరం ఉన్న బండి ముక్కాలు డిగ్రీ మేర ముందుకు వాలుతుంది. 27 డిగ్రీల ఫోర్కు వాలు, 50 మి.మీ. ఆఫ్‌సెట్ (స్టీరింగ్ అక్షానికి ఇరుసు ఎంత ముందుకు ఉందో ఆ దూరం) ఉన్న ఫోర్కుకు లెక్క కడితే ట్రయిల్ (స్టీరింగ్ అక్షం నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం) సుమారు 108 నుంచి 89 మి.మీ.కు పడిపోతుంది. బండి చురుగ్గా తిరుగుతుంది గాని వేగంలో హ్యాండిల్ తేలికై, గతుకుల మీద వణికే గుణం వస్తుంది. అందుకే నేను ముందు 19 అంగుళాల నుంచి 18కి దిగడం వరకే ఇష్టపడతాను. 17 తప్పదనుకుంటే ఫోర్కు క్లాంపులలో గొట్టాలను కిందికి జరిపి ముందు ఎత్తును కొంత తిరిగి తెచ్చుకోవాలి. గొట్టం పై అంచు క్లాంపు పై అంచుకంటే కిందికి పోకూడదు.

ముందు చక్రం నుంచి నడిచే మీటరు కూడా మారుతుంది. పై ఉదాహరణలో బండి నిజంగా 100 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు మీటరు 110 చూపుతుంది. కొత్త హబ్బులో (చక్రం మధ్యభాగంలో) పాత మీటరు గేరు కూర్చోకపోతే, డిస్క్ బోల్టు దగ్గర అయస్కాంతాన్ని చదివే ఎలక్ట్రానిక్ మీటరు మేలు, దానికి చక్రం చుట్టుకొలతను మనమే నమోదు చేయవచ్చు.

రిమ్ము వెడల్పును టైరు తయారీదారు ఇచ్చే పట్టిక ప్రకారమే తీసుకోండి. 110/70-17కు 3.00 అంగుళాలు, 130/70-17కు 3.50 అంగుళాలు తగినవి. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు నొక్కుకుపోయి, మధ్యభాగం గుండ్రంగా ఉబ్బి, మలుపులో పట్టు ఎక్కడ మారుతుందో అర్థం కాకుండా పోతుంది. స్పోకుల రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబు తప్పనిసరి, ఎందుకంటే స్పోకుల రంధ్రాల నుంచి గాలి పోతుంది, చాలా పాత రిమ్ములకు టైరు అంచును పట్టి ఉంచే లోపలి గట్టు కూడా ఉండదు. టైరు మీది బరువు, వేగ సూచికలు పాతదానికంటే తగ్గకూడదు.

## 4. బ్రేకు భాగాలను జతగా తీసుకోండి

ఒక బండి మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం), మరో బండి కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం), ఎక్కడో దొరికిన డిస్క్ కలిపితే బ్రేకు పనిచేయవచ్చు, పనిచేయకపోవచ్చు. అదృష్టానికి వదిలేయకుండా ఉండాలంటే పిస్టన్ల నిష్పత్తి చూడాలి. కాలిపర్ పిస్టన్ల వ్యాసాల వర్గాలను కూడి, ఆ మొత్తాన్ని మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాస వర్గంతో భాగించాలి. ఒకే వైపు పిస్టన్లుండి పక్కకు జారే కాలిపర్‌లో అన్నింటినీ, ఎదురెదురు పిస్టన్లున్న దానిలో ఒక వైపువి మాత్రమే లెక్కించాలి.

రెండు 27 మి.మీ. పిస్టన్లు గల జారే కాలిపర్‌కు 12.7 మి.మీ. మాస్టర్ సిలిండర్ పెడితే నిష్పత్తి సుమారు 9. అదే కాలిపర్‌కు 14 మి.మీ.ది పెడితే 7.4, 15.9 మి.మీ.ది పెడితే 5.8. నిష్పత్తి తగ్గేకొద్దీ లివర్ రాయిలా గట్టిపడుతుంది, పట్టు తగ్గుతుంది. పెరిగేకొద్దీ లివర్ మెత్తబడి, ప్రయాణం పెరిగి, చివరికి హ్యాండిల్‌కు తగిలే ప్రమాదం వస్తుంది. రెండు డిస్కుల బండి నుంచి తీసిన మాస్టర్ సిలిండర్‌ను ఒకే డిస్క్‌కు తగిలించి, లివర్ గట్టిగా ఉందని మురిసిపోవడం చాలా సాధారణమైన పొరపాటు. గట్టి లివర్ మంచి బ్రేకుకు గుర్తు కానక్కరలేదు.

కాలిపర్, మాస్టర్ సిలిండర్ వచ్చిన బండి నిష్పత్తిని అలాగే ఉంచడం ఉత్తమం. ఆ బండి బరువు, చక్రం పరిమాణం మన బండికి దగ్గరగా ఉండాలి. డిస్క్ వ్యాసం ప్రభావమూ తక్కువేమీ కాదు. 35 మి.మీ. ఎత్తు ప్యాడ్లతో 240 మి.మీ. డిస్క్‌ను 280కి మారిస్తే బ్రేకు శక్తి సుమారు 20 శాతం పెరుగుతుంది. అయితే ఆ శక్తినంతా తట్టుకోవలసింది సన్నని ఫోర్కు గొట్టాలే, అది కూడా ఒకే పక్క. 31 మి.మీ. ఫోర్కుకు 300 మి.మీ. డిస్క్ నేను పెట్టను.

పాత కాలిపర్ కొంటే దాన్ని పూర్తిగా విప్పి, సీళ్లు మార్చకుండా బిగించకండి. పిస్టన్ మీద తుప్పు గుంటలుంటే పిస్టన్ కూడా మార్చాలి. డిస్క్ మీద ముద్రించిన కనీస మందానికి లోపలికి అరిగినదాన్ని తీసుకోవద్దు. డిస్క్ పోత ఇనుముదైతే సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడిని వేడితో గట్టిపరచి చేసినవి) వాడకండి, డిస్క్ త్వరగా అరుగుతుంది.

## 5. బేరింగులు, స్పేసర్లు

కొత్త హబ్బుకు పాత ఇరుసు సరిపోనప్పుడు చాలాసార్లు బేరింగు మారిస్తే పని జరుగుతుంది. 6302 బేరింగు 15 మి.మీ. ఇరుసుకు, 42 మి.మీ. హబ్బు గుంటకు సరిపోతుంది, మందం 13 మి.మీ. అదే 42 మి.మీ. గుంటలో 20 మి.మీ. ఇరుసుకు 6004 కూర్చుంటుంది, దాని మందం 12 మి.మీ. ఆ ఒక్క మిల్లీమీటరును స్పేసరుతో నింపాలి. ఇరుసు మీద పల్చని గొట్టం తొడిగి బేరింగు రంధ్రాన్ని సరిపెట్టడం మాత్రం పనికిరాదు.

రెండు బేరింగుల మధ్య హబ్బు లోపల ఒక గొట్టం ఉంటుంది. ఇరుసు నట్టు బిగించినప్పుడు బయటి స్పేసరు, బేరింగు లోపలి వలయం, లోపలి గొట్టం, రెండో బేరింగు లోపలి వలయం, రెండో స్పేసరు అన్నీ ఒకే స్తంభంలా నొక్కుకోవాలి. గొట్టం అర మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా ఆ ఒత్తిడి బేరింగు గోళీల మీద పడుతుంది. నా మొదటి ప్రయత్నంలో గొట్టం పొడవు కొలవకుండానే బిగించాను. చక్రం చేత్తో తిప్పితే బరువుగా తిరిగింది, కొత్త గ్రీజు కదా అని సరిపెట్టుకున్నాను. కొన్ని వందల కిలోమీటర్లకే రెండు బేరింగులూ గరగరలాడాయి.

బిగించే క్రమం ఇది.

1. హబ్బును సుమారు 100 డిగ్రీల వరకు వేడి చేసి, మొదటి బేరింగును బయటి వలయం మీద మాత్రమే తట్టుతూ గుంట అడుగు వరకు దింపండి.
2. హబ్బును తిరగేసి లోపలి గొట్టం పెట్టండి.
3. రెండో బేరింగును గొట్టానికి ఆనేవరకు దింపి ఆపండి. అక్కడి నుంచి ఇంకా కొట్టకండి.
4. ఇరుసు దూర్చి చేత్తో తిప్పి చూడండి. గట్టిగా తిరిగితే కారణం తెలుసుకునేదాకా ముందుకు వెళ్లకండి.

బయటి స్పేసర్ల పొడవును హబ్బు మధ్యను బట్టి కాకుండా రిమ్ము మధ్యను బట్టి లెక్కించాలి. ఫోర్కు లోపలి దూరం 165 మి.మీ., బేరింగుల బయటి ముఖాల మధ్య దూరం 105 మి.మీ. అనుకుందాం. మిగిలిన 60 మి.మీ.ను చెరి సగం చేయాలనిపిస్తుంది. కాని రిమ్ము మధ్యరేఖ ఎడమ బేరింగు ముఖం నుంచి 55 మి.మీ. దూరంలో ఉంటే, అది ఫోర్కు మధ్య అయిన 82.5 మి.మీ. వద్దకు రావాలి కాబట్టి ఎడమ స్పేసరు 27.5, కుడి స్పేసరు 32.5 మి.మీ. అవుతాయి. ఈ కొలతలతో స్టీలు కడ్డీ నుంచి లేత్ మీద తిప్పించుకోవాలి. వాషర్లు పేర్చి సరిపెట్టకండి.

## 6. కాలిపర్ బ్రాకెట్, ఖాళీ బిగింపు

ఫోర్కు కింది కాలికి కాలిపర్ బోల్టుల చెవులు లేకపోతే రెండే మార్గాలున్నాయి. మొదటిది, కాలిపర్ చెవులున్న మొత్తం ఫోర్కును, క్లాంపులతో సహా, మరో బండి నుంచి తెచ్చి వేయడం. రెండోది, ఇరుసు మీద నిలిచే బ్రాకెట్ చేసి, దాని ఒత్తిడిని ఫోర్కు కాలికి పట్టుకునే ఆధార కడ్డీ పెట్టడం. పోత అల్యూమినియం కాలికి చెవిని వెల్డింగ్ చేయించే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. వేడికి ఆ పోత బలం కోల్పోతుంది, అది విరిగేది గట్టిగా బ్రేకు వేసిన క్షణంలోనే.

మొదటి మార్గంలో స్టీరింగ్ కాండం పొడవు, బేరింగుల కొలతలు సరిపోవాలి. ఖర్చు ఎక్కువే అయినా, నా లెక్కలో అదే నమ్మదగినది.

బ్రాకెట్‌ను ముందు మందపాటి అట్టతోనో ప్లైవుడ్‌తోనో కత్తిరించి అమర్చి చూడండి. సరిపోయాక 6082 లేదా 7075 రకం అల్యూమినియం పలకతో, కనీసం 8 మి.మీ. మందంలో చేయించండి. లోపలి మూలలు పదునుగా కాక గుండ్రంగా ఉండాలి, పగులు పదును మూల దగ్గరే మొదలవుతుంది. ఆధార కడ్డీ ఫోర్కును పట్టే చోటు కూడా బోల్టుతో నిలిచేదై ఉండాలి.

ఆయిల్ లేకుండా అన్నీ బిగించి ఇవి చూడండి.

- ప్యాడ్ బయటి అంచు డిస్క్ అంచును దాటి బయటకు రాకూడదు, అలా వస్తే అరగని పెదవి మిగిలిపోతుంది.
- కాలిపర్ శరీరానికీ స్పోకులకూ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. కొత్త ప్యాడ్లతోనే చూడండి, బయటి వైపు పిస్టన్లున్న జారే కాలిపర్ అప్పుడే స్పోకులకు అతి దగ్గరగా ఉంటుంది.
- డిస్క్ కాలిపర్ నడుమ ఉండాలి. ఎదురెదురు పిస్టన్ల రకంలో ఇరువైపులా ఖాళీ సమానంగా రావాలి.
- చక్రం తిప్పుతూ డిస్క్ ఊగడాన్ని డయల్ గేజితో కొలిస్తే 0.3 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే డిస్క్ కూర్చునే ముఖం మీది రంగును, తుప్పును ముందుగా అనుమానించండి.
- రిమ్ము బెండు 2 మి.మీ. వరకు సాధారణంగా అనుమతిస్తారు, అయితే స్పోకుల చక్రాన్ని 1 మి.మీ. లోపుకు తెప్పించవచ్చు.

డిస్క్ బోల్టులకు లాకింగ్ ద్రవం పూసి, అడ్డంగా ఎదురెదురుగా బిగించాలి. బిగింపు బలం ఆ హబ్బు వచ్చిన బండి మాన్యువల్ ప్రకారమే ఉండాలి.

## 7. హోస్, బ్రేక్ ఆయిల్, గాలి తీయడం

స్టీలు అల్లిక హోస్ (ఆయిల్ గొట్టం) పాత రబ్బరు హోస్ కంటే మేలు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫోర్కును పూర్తిగా సాగదీసి పొడవు కొలవండి. హోస్ చివరి వలయాన్ని (బ్యాంజోను) బిగించే బోలు బోల్టులైన బ్యాంజో బోల్టుల్లో 10 మి.మీ. వ్యాసానికే 1.0, 1.25 మి.మీ. అని రెండు మరలున్నాయి. తప్పు మర బోల్టు మొదటి రెండు చుట్లు తేలికగానే దిగి, తర్వాత అల్యూమినియం మరను తినేస్తుంది. బ్యాంజోకు ఇరువైపులా చెరొక రాగి వాషరు, ప్రతిసారీ కొత్తది వేయాలి.

డాట్ 4 ఆయిల్ చాలు. దాని మరిగే స్థానం పొడిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155 డిగ్రీలు. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 మాత్రం డాట్ 4 కుటుంబానిదే. సీళ్లకు మామూలు గ్రీజు తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది కాబట్టి తడిగుడ్డ, నీళ్లు దగ్గర ఉంచుకోండి.

ఖాళీ వ్యవస్థలో లివర్ కొట్టి గాలి తీయడం ఓపికకు పరీక్ష. సిరంజితో కాలిపర్ నిపుల్ (గాలి తీసే చిన్న మర) నుంచి పైకి ఆయిల్ ఎక్కిస్తే బుడగలు తమకు సహజమైన దారిలో పైకే పోతాయి. ఆ తర్వాత మామూలు పద్ధతిలో లివర్ నొక్కి పట్టుకొని, నిపుల్ వదిలి, మూసి, లివర్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి తిరిగి లోపలికి వస్తుంది. కాలిపర్‌ను తిరగేసి బిగించినందువల్ల నిపుల్ పైభాగంలో లేకపోతే, కాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి ఉండేలా పట్టుకొని గాలి తీయండి. చివరగా మాస్టర్ సిలిండర్ దగ్గరి బ్యాంజోను మెల్లగా తట్టండి, మొండి బుడగ ఎక్కువగా దాక్కునేది అక్కడే. లివర్‌ను రాత్రంతా హ్యాండిల్‌కు కట్టి ఉంచడం కూడా ఉపయోగపడుతుంది.

బ్రేకు దీపం స్విచ్ మరచిపోకండి. లివర్‌లో స్విచ్ లేకపోతే ఒత్తిడితో పనిచేసే బ్యాంజో బోల్టు స్విచ్ దొరుకుతుంది.

## 8. వెనుక చక్రం

వెనుక డ్రమ్మును ఉంచేయడమే తెలివి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనుక చక్రానికి ఎక్కువ శక్తి ఇస్తే అది జారుతుంది. రిమ్ము మాత్రమే మార్చి పాత హబ్బుకు స్పోకులు కట్టించుకుంటే బ్రేకు, చైను, కుష్ రబ్బరులు (హబ్బులో కుదుపును మింగే రబ్బరు ముక్కలు) అన్నీ యథాతథంగా ఉంటాయి.

మొత్తం చక్రమే మార్చితే స్ప్రాకెట్ల ముఖాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో తిన్నని పట్టీతో చూడండి. 428 చైనులో పక్కపక్క పిన్నుల మధ్య దూరం 12.7 మి.మీ., 520ది 15.875 మి.మీ., కాబట్టి ఒకదాని స్ప్రాకెట్ మరొకదానికి పనికిరాదు. చక్రం వ్యాసం 637 నుంచి 614 మి.మీ.కు తగ్గితే 42 పళ్ల స్ప్రాకెట్ స్థానంలో 40 లేదా 41 పళ్లది వేస్తే పాత నడక తిరిగి వస్తుంది. డ్రమ్ము బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ కడ్డీని, దాని స్ప్లిట్ పిన్నును ఎప్పుడూ వదిలేయకూడదు. అది ఊడితే ప్లేటు తిరిగి, చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది.

## 9. లోపాలు కనిపిస్తే

లివర్ మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడితే లోపల గాలి ఉంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే మెత్తగా ఉంటే హోస్ ఉబ్బడమో, జారే కాలిపర్ పిన్నులు బిగుసుకోవడమో, కాలిపర్ డిస్క్‌కు వంకరగా కూర్చోవడమో కారణం.

లివర్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే నిష్పత్తి తప్పు, లేదా ప్యాడ్లకు నూనె తగిలింది. నూనె పీల్చిన ప్యాడ్లను కడిగి వాడకండి.

కొంతదూరం వెళ్లాక బ్రేకు తనంతట తానే పట్టుకుంటే వెంటనే ఆపండి. మాస్టర్ సిలిండర్‌లోని సన్నని తిరుగుదారి రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా లివర్‌కు తగినంత ప్లే లేక పిస్టన్ పూర్తిగా వెనక్కు రాకపోవచ్చు. నిపుల్ కొంచెం వదిలితే చక్రం స్వేచ్ఛగా తిరిగిందంటే అనుమానం నిజమే.

వేగంలో హ్యాండిల్ ఊగితే మొదట టైరు గాలి, తర్వాత స్టీరింగ్ బేరింగు, ఆ తర్వాత చక్రాల వరుసను దారంతో చూడండి. ఇవన్నీ సరిగా ఉంటే మూడో భాగంలో చెప్పిన ట్రయిల్ లెక్కకు తిరిగి వెళ్లాలి.

## 10. తొలి సవారీ

రోడ్డు ఎక్కకముందు లివర్‌ను రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. అది మెల్లగా హ్యాండిల్ వైపు జారితే ఎక్కడో ఆయిల్ కారుతోంది. ప్రతి కీలును పొడి కాగితంతో తుడిచి, తడి చూడండి. తర్వాత బండిని తోసుకుంటూ నడిచి బ్రేకు వేయండి. అది తృప్తిగా అనిపిస్తేనే ఇంజను స్టార్ట్ చేయాలి.

కొత్త ప్యాడ్లు, డిస్క్ ఒకదానికొకటి అలవాటు పడడానికి ఖాళీ రోడ్డులో 50 కి.మీ. వేగం నుంచి 15కు, మధ్యస్థ ఒత్తిడితో, మధ్యలో చల్లబడే సమయం ఇస్తూ 15 నుంచి 20 సార్లు తగ్గించండి. పూర్తిగా ఆగి, లివర్ నొక్కి ఉంచి నిలబడకండి. మొదటి 200 కి.మీ. వరకు ముందరి వాహనానికి అదనపు దూరం పాటించండి.

- 50 కి.మీ. తర్వాత: ఇరుసు నట్లు, కాలిపర్, డిస్క్, ఆధార కడ్డీ బోల్టులు
- 100 కి.మీ. తర్వాత: డిస్క్ రంగు మారిందేమో, బేరింగుల వేడి, చైను వదులు
- 500 కి.మీ. తర్వాత: కొత్తగా కట్టిన స్పోకుల బిగువు, రిమ్ము బెండు
- రెండేళ్లకొకసారి: బ్రేక్ ఆయిల్ మార్పు

ప్రతి బోల్టు తల మీదుగా పక్క లోహం మీదికి పోయేలా ఒక రంగు గీత గీసి ఉంచండి. ఆ గీత రెండు ముక్కలై పక్కకు తప్పి కనిపిస్తే బోల్టు కదిలినట్లే. దాన్ని అక్కడికక్కడే బిగించి వదిలేయక, విప్పి, మర చూసి, లాకింగ్ ద్రవం మళ్లీ పూసి బిగించాలి.